ఇప్పగూడ ఒక మెట్టు పక్కకు జరిగిన వేసవి

పదకొండు లైన్ల ప్రోగ్రాము ఒక్కటి రాసి, ఒక జిల్లాలో ఉన్న పంచాయతీలు, వాటి ఊళ్ళు, ఆ ఊళ్ళ పారాలు అన్నిటినీ వరసగా కాగితం మీద నిలబెట్టినవాణ్ణి నేను. ఒక్క తప్పు లేకుండా. రాయపూర్ నుంచి వచ్చిన వాళ్ళు ఆ కాగితం చూసి నోరు తెరిచారు. బస్తర్లో అలాంటి పని అంతకుముందు ఎవరూ చెయ్యలేదు, ఆ తర్వాత కూడా చేసినట్టు నేను వినలేదు.

ఏ జిల్లా, ఏ ఆఫీసు అని మాత్రం అడగొద్దు. పింఛను వస్తున్నది, దాన్ని అట్లాగే రానివ్వండి. నేను కొంటా ఊరి మనిషిని. మా నాన్నకు శబరి ఒడ్డున కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్టు ముందు హిందీ, సంతలో దోర్లీ, గోండీ. నాలుగు భాషల్లో అబద్ధమాడగలను అని మా ఆవిడ అంటుంది. అయిదో భాష జగదల్‌పూర్‌లో ఆరు నెలల కోర్సులో నేర్చుకున్నాను, అది కంప్యూటరుది. దాంట్లో అబద్ధమాడితే చెల్లదు. చెల్లదని అనుకున్నాను. ఆ సంగతే చెబుతాను.

ఇది ఇప్పుడు కంప్యూటరు సెక్షన్లలో కొత్తగా చేరే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా.

పని ఏంది

అప్పట్లో అడవిలో సాగు చేసుకునేవాళ్ళకు పట్టాలిచ్చే పని నడుస్తున్నది. ఎవరు ఏ చెలక దున్నుతున్నారో రాసిన దరఖాస్తులు మూటలు మూటలుగా వచ్చేవి. వాటిని స్కాన్ చేసి ఫోల్డర్లలో పెట్టడం మా సెక్షన్ పని. పంచాయతీకి ఒక ఫోల్డరు, దాని లోపల ఊరికొకటి, ఊరి లోపల పారాకొకటి. మా వైపు ఊరంటే ఒక్క చోట గుమిగూడిన ఇళ్ళు కావు. నాలుగిళ్ళు వాగు పక్కన, ఆరిళ్ళు దిబ్బ మీద, మధ్యలో అడవి. ఒక్కో గుంపును పారా అంటారు. ఊరి పేరు చెబితే సగం అడ్రసు చెప్పినట్టే. ఏ పారా అని అడిగి తీరాలి. పైగా ప్రతి ఊళ్ళోనూ ఒక స్కూల్ పారా ఉంటుంది, స్కూలు ఉన్నా లేకపోయినా. మా కంప్యూటర్లో స్కూల్ పారా అన్న ఫోల్డర్లు లెక్కలేనన్ని. ఏది ఏ ఊరిదో తెలియాలంటే అది దేని లోపల ఉన్నదో చూడాలి.

సెక్షన్లో ఇద్దరమే. నేనూ, సరోజా. సరోజది కూడా కొంటానే, వాళ్ళ బట్టల కొట్టు మా కొట్టుకు ఎదురుగా ఉండేది. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. నన్ను అన్నా అని పిలుస్తూనే నా పనిలో తప్పులు వెతికేది. మా మీద ఒక పెద్ద సాబు. బిలాస్‌పూర్ వైపు మనిషి. కంప్యూటరు ముందు కూర్చోడు. అందులో ఏముందో నాకు కాగితం మీద చూపించు, ఏది దేని కింద ఉన్నదో ఒక్క చూపులో తెలియాలి అన్నాడు హిందీలో. సర్వేకు పోయే బృందం కూడా ఆ కాగితమే పట్టుకుని పోతుందట.

అలాంటి కాగితం చేతితో తయారుచెయ్యాలంటే ఒక ఏడాది. అందుకని ప్రోగ్రాము రాశాను.

లోపలికి పోయి, తిరిగి రావడం

మా ఊళ్ళల్లో మందుల సంచీ పట్టుకుని తిరిగే మితానిన్‌ను చూసే ఉంటారు. ఊళ్ళోకి వస్తుంది. మొదటి పారాకు పోతుంది, అక్కడి ఇళ్ళన్నీ చూస్తుంది, మళ్ళీ ఊరి నడుమకు వచ్చి రెండో పారా దారి పడుతుంది. పారాలో దారి చీలితే అక్కడా అంతే. ఒక చీలికలో చివరిదాకా పోవాలి, చీలిన చోటికే తిరిగి రావాలి, రెండో చీలిక పట్టాలి.

ప్రోగ్రాముకు నేను చెప్పింది ఇదే. ఈ ఫోల్డరు పేరు రాయి. లోపల ఏమున్నాయో ఒక్కొక్కటిగా చూడు. అందులో ఇంకో ఫోల్డరు కనబడితే దానికీ ఇదే పని చెయ్యి. ఆ పని చెయ్యడానికి ప్రోగ్రాము తనను తానే మళ్ళీ పిలుచుకుంటుంది. దీన్ని రికర్షన్ అంటారు. ఎన్ని మెట్లు లోపలికి పోతే పేరును అన్ని మెట్లు కుడికి జరిపి రాయాలి. మెట్టుకు నాలుగు ఖాళీలు. అప్పుడు కాగితం ఎడమ అంచు చూస్తే పంచాయతీలు, కొంచెం జరిగితే ఊళ్ళు, ఇంకొంచెం జరిగితే పారాలు. పని ఇంతే. కానీ మొదటిసారి అది నడిచినప్పుడు, నేను ఒక్క ఊరి పేరు కూడా కొట్టకుండా ఊళ్ళన్నీ వాటంతట అవే మెట్లు మెట్లుగా దిగి వస్తుంటే, ప్రింటరు దగ్గర నిలబడి నవ్వుతూ ఉండిపోయాను. ఆ సంతోషం మీకూ ఒకసారైనా కలగాలి.

పదకొండు లైన్లన్నాను గదా. ఇరవై ఆరు. అందులో తొమ్మిది పుస్తకంలోంచి దించినవి. రాయపూర్ వాళ్ళు నోరు తెరిచిన మాట నిజమే. భోజనాలైన తర్వాత చూపించాను, ఆవలించారు. బస్తర్లో ఎవరూ చెయ్యని పని అన్నది కూడా కొంచెం లాగిన మాటే. ఫోల్డర్లను అలా చెట్టులా చూపించే కమాండు కంప్యూటర్లో ముందే ఎవరో రాసి పెట్టారు, ఒక్క మాట కొడితే చాలు. సరోజ మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు. ఇంకొకరు వండింది వడ్డించడానికి ఆరు నెలలు జగదల్‌పూర్‌లో ఎందుకు చదివానన్నాను.

ఒక్క తప్పు లేకుండా అన్న సంగతి ఇంకా మిగిలింది.

చింతలగూడలో చింతలగూడ

మొదటి తప్పు నవ్వుకునేది. చింతలగూడ అని ఒక పంచాయతీ. దాని ఫోల్డర్లో సరోజ తన సౌకర్యం కోసం ఒక లింకు పెట్టుకుంది, మళ్ళీ ఆ పంచాయతీ ఫోల్డరుకే దారి చూపించే లింకు. నా ప్రోగ్రాము దాన్ని కూడా ఫోల్డరే అనుకున్నది. లోపలికి పోయింది. లోపల చింతలగూడ. అందులో ఒక లింకు, దాని లోపల చింతలగూడ. నేను ప్రింటు మొదలుపెట్టి టీకి పోయాను. తిరిగి వచ్చేసరికి ప్రింటరు గోల పెడుతున్నది, చింతలగూడ అన్న మాట మెట్లు మెట్లుగా కుడివైపు జరుగుతూ జరుగుతూ అంచు దగ్గర సగమై, పావై, చివరికి పూర్తిగా బయటపడి, ఉత్త కాగితాలు వస్తున్నాయి. సరోజ వచ్చి ప్లగ్గు పీకి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

ఆ కాగితాలను టీ కొట్టుకిచ్చాం. వారం రోజులు మా ఆఫీసు వీధి అంతా చింతలగూడ పొట్లాల్లో భజియాలు తిన్నది. పెద్ద సాబుకు మాత్రం, ఎండకు మిషన్‌కు తిక్క పట్టింది అని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు గానీ ఫ్యాను మా గదికి మార్పించాడు. ఆ ఫ్యాను నేను రిటైరయ్యేదాకా తిరిగింది. తప్పుకు బహుమతి వస్తే మనిషి బాగుపడడు. నేనూ పడలేదు.

ఖాళీ అయితే?

లింకుల గొడవ సరిచేశాను. ఒక్కో పంచాయతీకి విడిగా ప్రోగ్రాము నడిపి కాగితాలు తీసి సాబు బల్ల మీద పెట్టాను. ఆయన చూపుడు వేలు ఎడమ అంచు మీద పెట్టి పై నుంచి కింది దాకా జరిపాడు. కళ్ళద్దాల పై నుంచి చూసి ఒక్క ప్రశ్న అడిగాడు.

"లోపల ఏమీ లేని ఫోల్డరు వస్తే నీ ప్రోగ్రాము ఏం చేస్తుంది?"

"ఏమీ లేకపోతే ఏం చేస్తుంది సాబ్, తిరిగొచ్చేస్తుంది," అన్నాను.

ఆయన సంతకం పెట్టేశాడు. నా కింద భూమి ఉన్నదీ లేనిదీ నాకు తెలియలేదు, అంత గర్వం.

కంప్యూటరు ముక్క తెలియని ఆ మనిషి నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్నడిగిన అన్ని ప్రశ్నల్లోకీ అదే పెద్దది. నేను ఏం చేశానంటే, ఎన్ని మెట్లు లోపల ఉన్నామన్న లెక్కను మొత్తం ప్రోగ్రాముకు ఒక్కటే పెట్టుకున్నాను, గోడ మీద బలపంతో రాసుకున్నట్టు. ఫోల్డర్లోకి దిగేటప్పుడు ఒకటి కలుపు, పని అయ్యాక బయటికి వచ్చేటప్పుడు ఒకటి తీసెయ్యి. బాగానే ఉంది. కానీ ఖాళీ ఫోల్డరు అయితే ఊరికే టైము దండగ ఎందుకని, లోపల ఏమీ లేకపోతే వెంటనే తిరిగిరా అని మధ్యలో ఒక లైను పెట్టాను. ఒకటి కలిపిన తర్వాత, ఒకటి తీసేసే లైనుకు ముందు. ఖాళీ ఫోల్డర్లోకి పోయిన ప్రోగ్రాము తిరిగైతే వచ్చేది, గోడ మీద లెక్క తుడవకుండా వచ్చేది. ఆ తర్వాత వచ్చే ఊరు ఒక మెట్టు కుడికి జరిగిపోయేది.

చింతలగూడ పంచాయతీలో మూడు ఊళ్ళు. మధ్యలో గొల్లపాడు. అడవిలో గొడవలు నడిచిన చెడ్డ రోజుల్లో గొల్లపాడు మనుషులు ఊరు వదిలి పోయారు, కొందరు శబరి దాటారు, కొందరు చుట్టాల ఊళ్ళల్లో ఉండిపోయారు. రికార్డులో దాన్ని వీరాన్ అని రాశారు, అంటే మనుషులు లేని ఊరు. జాబితాలో పేరుంది కాబట్టి సరోజ ఫోల్డరు పెట్టింది. అందులో పెట్టడానికి ఒక్క కాగితమూ రాలేదు. ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాం, ఆ వరసలో గొల్లపాడు తర్వాత వచ్చేది ఇప్పగూడ. కాగితం ఇలా వచ్చింది:

```
చింతలగూడ పంచాయతీ
    చింతలగూడ
        పటేల్ పారా
        స్కూల్ పారా
    గొల్లపాడు
        ఇప్పగూడ
            వాగు పారా
            స్కూల్ పారా
```

రావాల్సింది ఇలా:

```
చింతలగూడ పంచాయతీ
    చింతలగూడ
        పటేల్ పారా
        స్కూల్ పారా
    గొల్లపాడు
    ఇప్పగూడ
        వాగు పారా
        స్కూల్ పారా
```

తేడా నాలుగు ఖాళీలు. దాంతో ఇప్పగూడ అనే నిండు ఊరు, గొల్లపాడు అనే మనుషులు లేని ఊళ్ళో ఒక పారా అయి కూర్చుంది. సర్వే జాబితా రాసే గుమస్తా బాబు గొల్లపాడు పక్కన ఎర్ర పెన్సిలుతో వీరాన్ అని రాసి, దాని కింద ఉన్నదంతా కలిపి ఒక్క గీత కొట్టాడు. అతని తప్పేమీ లేదు. నా కాగితం ఎలా చెబితే అలా కొట్టాడు.

సోడి దేవె

సోడి దేవె ఇప్పగూడ వాగు పారా మనిషి. దోర్ల ఆమె, నలభై దాటి ఉంటుంది. వాగు పక్కన ఆమె చెలక. వరి, సామలు వేసేది. వాళ్ళత్త కాలం నుంచీ దున్నుతున్న నేల, దరఖాస్తు అందరికంటే ముందు ఇచ్చింది. సర్వే బృందం చింతలగూడ దాకా వచ్చి, ఇప్పగూడకు రాకుండానే జీపు తిప్పుకున్నది. ఆ వేసవి కొలతల్లోకి రాని చెలకల్లో గుంతలు తవ్వి టేకు మొక్కలు పెడతారని అడవి శాఖ మనిషి ఒకడు సంతలో అన్నాడట. నిజమో కాదో ఎవరికీ తెలియదు. గుంతలు తవ్వితే తెలుస్తుంది. వానలు పడితే వాగు నిండుతుంది, ఇంక ఎవరూ పోలేరు.

ఆమె ఆఫీసుకు వచ్చింది. జాబితాలో మీ ఊరు లేదు, మీది ఖాళీ ఊరని రాసి ఉందని కాగితం చూపించాను. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి నాకు తిరిగిచ్చింది.

"మా ఊరు ఖాళీ ఏంది సారూ," అన్నది. "పొద్దున పొయ్యి మీద జావ పెట్టి వచ్చిన."

నాకు తల మీద నీళ్ళు పోసినట్టయింది. ఒక్క చూపులో కనిపెట్టేశాను. స్కేలు తెచ్చి అంచు నుంచి కొలిచాను. ఊరి పేరు ఉండాల్సిన చోటు కంటే నాలుగు ఖాళీలు లోపల ఉన్నది. ప్రోగ్రాము తెరిచి, వేలు పెట్టి, ఆ లైను పట్టుకున్నాను. అంతా కలిపి ఒక బీడీ కాల్చినంత సేపు.

సరిచెయ్యడం కూడా చెబుతాను, మీ పనికొస్తుంది. గోడ మీద లెక్క తీసేశాను. దాని బదులు, లోపలికి పోయే ప్రతి పిలుపు చేతికీ దాని మెట్టు రాసిన చీటీ ఇచ్చి పంపాను. నీది రెండో మెట్టు, నువ్వు ఎవర్నన్నా లోపలికి పంపితే వాళ్ళకు మూడు అని రాసివ్వు. వాళ్ళు నింపాదిగా వచ్చినా, పరిగెత్తుకొచ్చినా నా చేతిలో చీటీ మారదు. అందరూ కలిసి తుడిచి రాసుకునే లెక్క ఏ పనిలోనైనా ప్రమాదమే, ఎవడో ఒకడు తుడవడం మరిచిపోతాడు. మా సెక్షన్లో వాడి పేరు నేను.

సాబు దగ్గరికి పోయి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా ముందే ఒక ఖాళీ ఫోల్డరు పెట్టు, ప్రింటు తియ్యి అన్నాడు. తీశాను. ఇంకో రెండు పెట్టు అన్నాడు. పెట్టాను. వేలు అంచు మీద జరిపి చూసి, గురువారం జీపు ఇప్పగూడకు పోవాలని రాశాడు. నన్ను కూడా పొమ్మన్నాడు. నేను చూసిన పై అధికారుల్లో గట్టిగా అరిచేవాళ్ళ దగ్గర తప్పులు దాచడం నేర్చుకున్నాను. ఈయన దగ్గర తప్పు ఎలా వెతకాలో నేర్చుకున్నాను. ఒక్క చివాటు తినకుండా.

పోయి చూస్తే

ఇప్పగూడకు పద్నాలుగు కిలోమీటర్లు నడిచి పోయానని మా మనవరాళ్ళకు చెబుతుంటాను. వాగు దాకా జీపే. ఆ తర్వాత రెండు కిలోమీటర్లు, అందులో కూడా రెండుసార్లు కూర్చున్నాను. పట్వారీ, అడవి గార్డు, పంచాయతీ కార్యదర్శి నా కోసం ఆగాల్సి వచ్చింది. దేవె ఆగలేదు.

చెలక దగ్గర ఆమె ముందే పని చేసి పెట్టింది. హద్దు తిరిగే ప్రతి మూల దగ్గర ఎండు కొమ్మ పాతి, దానికి ఒక గుడ్డ పేలిక కట్టింది. పట్వారీ కొమ్మ నుంచి కొమ్మకు నడిచి కొలుచుకుంటూ పోయాడు, మధ్యలో ఒక్కసారి కూడా హద్దు ఎక్కడ అని అడగాల్సిన పని పడలేదు. గార్డు ఏదో గునిగాడు గానీ సంతకం పెట్టాడు. ఆ సాయంత్రానికి వాగు పారా, మర్నాటికి స్కూల్ పారా అయిపోయాయి. మూడో రోజు మబ్బు పట్టి వాన దంచింది.

సరిచేసిన కాగితం నాతో తెచ్చాను. దేవె చూపించమంది. ఇదీ మీ ఊరు, ఇదీ మీ పారా అని వేలు పెట్టి చూపించాను.

"అంత లోపలికి ఎందుకు రాసినవ్? అంచుకు రాయరాదా?"

అంచున ఉండేది పంచాయతీ, దాని లోపల ఊరు, ఊరి లోపల పారా, అందుకని అలా వస్తుందని చెప్పాను. ఆమె ఒప్పుకుంది. మరి నా చెలక ఏదీ అని అడిగింది. చెలకలు ఇందులో రావు, ఫోల్డర్ల పేర్లే వస్తాయన్నాను. ఆమె కాగితం వైపే చూస్తూ నిలబడింది. జేబులోంచి పెన్ను తీసి, వాగు పారా కింద, ఇంకొక మెట్టు లోపలికి జరిపి, సోడి దేవె చెలక అని రాశాను. ప్రోగ్రాము చెయ్యని పని అది. చదివి వినిపించమంటే వినిపించాను. అప్పుడు నవ్వింది.

పట్టా చేతికి రావడానికి ఇంకా రెండు వేసవులు పట్టింది. ఆ ఆలస్యంలో నా ప్రోగ్రాము వాటా లేదు. దాన్ని పంచుకోవడానికి చాలామంది ఉన్నారు. ఆమె చెలకలో గుంతలు మాత్రం ఎవరూ తవ్వలేదు.

కొత్తగా చేరే వాళ్ళకు

మీరు ప్రోగ్రాము రాసి పరీక్షించేటప్పుడు అన్నీ నిండుగా ఉన్న ఫోల్డర్లు పెట్టుకుంటారు, నాకు తెలుసు. నేనూ అంతే. నిండుగా ఉన్నవాటితో ఏ ప్రోగ్రామైనా బాగానే నడుస్తుంది. మన బస్తర్లో టీచరు లేని బడి ఉంటుంది, నర్సు లేని ఆసుపత్రి ఉంటుంది, మనుషులు లేని ఊరు ఉంటుంది. ముందు ఖాళీ ఫోల్డరు పెట్టి చూడండి. దాని తర్వాత ఏమొస్తుందో ఇంకా జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే ఖాళీ ఊరికి పోయేదేమీ లేదు, దెబ్బ పక్క ఊరికి తగులుతుంది.

ఇంకొకటి. చేత్తో రాసిన కాగితాన్ని నలుగురు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. మిషన్లోంచి వచ్చిన కాగితం మెట్లు మెట్లుగా ముద్దుగా ఉంటే ఎవరూ అడగరు. మీ కాగితం ఎంత అందంగా ఉంటే అంత అనుమానించండి. నేను అనుమానించాను కాబట్టి ఒక్క మాటతో ఇప్పగూడను పట్టుకున్నాను.

ఇక్కడిదాకా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు సరోజకు ఇచ్చాను. ఆమె ఇంకా సర్వీసులోనే ఉంది, నా కుర్చీలోనే కూర్చుంటుంది. మధ్యాహ్నం డబ్బా తింటూ చదివింది. భజియాల దగ్గర నవ్వింది. దేవె దగ్గరికి వచ్చేసరికి తినడం ఆపింది. కాగితాలు సర్ది నా ముందు పెట్టింది.

"ఏందన్నా ఇది? ఒక్క చూపులో కనిపెట్టినవా?"

కొంచెం అటూ ఇటూ ఉండొచ్చన్నాను.

"ఆమె మూడుసార్లు వచ్చింది. మొదటిసారి నువ్వు ఈ కాగితం చూపించి పంపినవ్. జావ మాట ఆ రోజే అన్నది, నువ్వు నవ్వినవ్. రెండోసారి సోమవారం రమ్మన్నవ్, ఆ సోమవారం సెలవు పెట్టినవ్. స్కేలు పెట్టి కొలిచింది నేను, ఆ లైను చూపించింది నేను. అది పోనీ, నాకు ఫరక్ లేదు. మూడోసారి ఆమె ఇప్పగూడ నుంచి ముసలోళ్ళని, పిల్లతల్లుల్ని వెంటబెట్టుకొని వచ్చి వరండాలో కూచోబెట్టింది, మేమున్నమని చూపించేటందుకు. నువ్వేం చేసినవ్? బయటికి పోయి, ఊళ్ళో ఎవరూ లేరని వాళ్ళకే చదివి వినిపించినవ్. రెండుసార్లు చదివినవ్ అన్నా, వెనక కూచున్నోళ్ళకు వినపడలేదంటే. అది రాయి."